ఓక్రెవ్‌కి పూర్తిపేరు

మొదట వినిపించేది ఒక గురగుర. సొరబుర్ర అడుగున మిగిలిన ఆఖరి చేదు చుక్కని సన్నటి లోహపు గొట్టంతో గట్టిగా పీలిస్తే వచ్చే పొడుగాటి చప్పుడు. మూసిన తూము సందులోంచి వానాకాలం జారిపోతున్నట్టుండేది. వసారా చివరి గదిలో అది మోగిందంటే ముంపునీటి మండలి ఉద్యోగులు బల్లల మీది కాగితాలు గబగబా తిరగేసి పెట్టుకునేవారు. బుర్రలో మాతే అనే ఆకు కషాయం అయిపోయింది కాబట్టి జుల్మా వేణ్ణీళ్ళ కోసం బయటికొస్తుంది. దారిలో ఎవరి కాగితం మీద ఏ పొట్టిపేరు కనిపించినా ఆగుతుంది. వేలు పెడుతుంది. "దీని పూర్తిపేరు?" అంటుంది.

ఆ తరవాత మనిషి కనిపించేది. చంకలో ఫ్లాస్కు, చేతిలో బుర్ర, జుట్టులో గుచ్చి మరిచిపోయిన పెన్సిలు. పొట్టి మనిషే గాని, ఆమె నడిచివస్తుంటే వసారా ఇరుకైపోయేది. జుల్మా బెంటంకోర్. మండలి అచ్చువేసే ప్రతి పుస్తకాన్నీ, ప్రతి నివేదికనీ కంప్యూటరులో పేజీలుగా కూర్చే మనిషి.

ముప్పైమూడు అనే పేరున్న ఊళ్ళో పుట్టిన మనిషికి పేర్ల మీద పట్టింపు ఉండడంలో వింత లేదు. దూరపు బంధువులు బద్ధకించి కవరు మీద ఊరిపేరు అంకెల్లో వేస్తే ఆమె ఆ ఉత్తరం విప్పేది కాదు. "ఊరిపేరే రాయలేనివాడు లోపల ఏం రాసి ఏడ్చుంటాడు?" అనేది.

ఊరు దాటితే వరి. వరి దాటితే నీళ్ళు. నీళ్ళు దాటితే ఆకాశం, అదీ సగం నీళ్ళే. ఆ నీళ్ళని పొలాల్లోంచి సరస్సులోకి, సరస్సులోంచి పొలాల్లోకి తోలుతూ ఉండడమే మండలి పని. తోలేది పంపులు. పంపుల గురించి రాసేది ఇంజనీర్లు. ఇంజనీర్లు ఊపిరి తీసుకున్నంత తేలిగ్గా, మాటల మొదటి అక్షరాలు కలిపి పొట్టిపేర్లు పుట్టిస్తారు. ఒక శాఖకి నాలుగక్షరాలు, ఒక కమిటీకి అయిదు, రెంటినీ కలిపిన ఉపకమిటీకి ఆరు. రాసినవాడికి తప్ప ఇంకెవరికీ అర్థం కాకపోవడాన్ని వాళ్ళు క్లుప్తత అనేవారు.

వాళ్ళందరి మీదా జుల్మా పగ తీర్చుకున్నది లేటెక్ అనే కూర్పు పద్ధతితో. అందులో ప్రతి పొట్టిపేరుకీ పూర్తిపేరు ఒక్కసారి ఒకచోట రాసిపెడితే చాలు. అధ్యాయంలో ఆ పొట్టిపేరు మొదటిసారి వచ్చినచోట యంత్రమే పూర్తిపేరు తెచ్చి పక్కన నిలబెడుతుంది. రెండోసారి నుంచి పొట్టిపేరే. కొత్త అధ్యాయం మొదలైతే మళ్ళీ మొదటికొస్తుంది. పుస్తకం చివర అన్నిటినీ అక్షరక్రమంలో పేర్చి పదకోశం కూడా తయారు చేస్తుంది. పూర్తిపేరు చెప్పడం మరిచిపోయారా, యంత్రం తిట్టదు, ఆగదు. ఆ చోట రెండు లావుపాటి ప్రశ్నార్థకాలు అచ్చువేసి ఊరుకుంటుంది. రెండు పక్షులు తీగ మీద వాలి, తలలు వంచి నిన్నే చూస్తున్నట్టుంటాయి అవి. పుస్తకం అచ్చుకి పోయేముందు జుల్మా చేసే ఆఖరి పని ఆ పక్షుల్ని వెతకడం. ఒక్కటీ దొరక్కపోతే పుస్తకం శుభ్రమైనట్టు.

ఈ పద్ధతి మెల్లగా కంప్యూటరులోంచి బయటికి పాకింది. మండలిలో కొత్త సంవత్సరం మార్చిలో, అక్కడి వేసవి ముగిశాక, మొదలవుతుంది. మార్చి మొదటి పొద్దున మొగుణ్ణి లేపుతూ, "ఎదిసన్ వాల్తెర్ సిల్వెయ్రా, బ్రాకెట్లో చిచో, లేచి రొట్టె పట్టుకురా" అనేది. మళ్ళీ ఏడాది దాకా ఉత్త చిచో. ధాన్యం మిల్లుకి లారీ తోలే చిచో దీనికెప్పుడూ విసుక్కోలేదు. "మా ఇంట్లో కాలెండరు కొననక్కర్లేదు. నన్ను పూర్తిగా పిలిచిన రోజున ఉయ్యాలమంచం విప్పి అటకెక్కిస్తా" అని మిల్లు దగ్గర గర్వంగా చెప్పుకునేవాడు.

ఆమెకీ ఒక పాత దెబ్బ ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో కాలవల నివేదిక కూర్చుతూ అధ్యాయాల శీర్షికల్లో పొట్టిపేర్లు పెట్టింది. శీర్షికలు ముందుగా విషయసూచికలోకి వెళతాయి కదా. యంత్రం అదే మొదటిసారి అనుకుంది. పూర్తిపేర్లన్నీ పోయి విషయసూచికలో పడ్డాయి. సూచిక అమ్మవారు పోసిన మొహంలా ఉబ్బింది. లోపల పుస్తకమంతా బోడి అక్షరాలు. రాజధాని నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు విషయసూచిక మాత్రం చదివి, "ఇంత వివరమైన నివేదిక నేనెప్పుడూ చూడలేదు" అని మెచ్చుకుని వెళ్ళిపోయాడు. ఆ మెప్పు ఆమెకి ఎన్నో ఏళ్ళు ముల్లులా గుచ్చుకుంది. మళ్ళీ తన పుస్తకంలో తప్పు దొర్లకూడదని అప్పుడే అనుకుంది.

ఇక అసలు కథ. మండలికి కొత్త డైరెక్టరు వచ్చాడు. పేరు గోర్లేరో, ఇంజనీరు, రాజధాని మనిషి, పల్చటి తోలు బూట్ల మనిషి. రాగానే, చిత్తడినేలల్లో దూరదూరంగా విసిరేసినట్టున్న పంపు కాపలాదారులందరికీ ఒక చేతిపుస్తకం వెయ్యాలన్నాడు. శాఖకో అధ్యాయం. అన్నీ వచ్చి జుల్మా బల్ల మీద పడ్డాయి. ఆమె కూర్చి, మొదటి ప్రతి తీసి డైరెక్టరుకి పంపింది. కాసేపటికి ఆయన పిలిచాడు.

"ఇదేమిటి జుల్మా గారూ?"

"ప్రశ్నార్థకాలు, ఇంజనీరు గారూ."

"అవి ప్రశ్నార్థకాలని నాకూ తెలుసు. ప్రతి అధ్యాయం చివరా ఎందుకున్నాయి?"

మండలిలో ఒక ఆచారం ఉంది. ఏ కాగితం పుట్టినా దాని అడుగున 'నకలు ఒకటి ఓక్రెవ్‌కి' అని రాస్తారు. ఎప్పట్నుంచో రాస్తున్నారు. తుమ్మాక చిరంజీవ అన్నట్టు, ఆ మాట లేకపోతే కాగితం ముగిసినట్టు అనిపించదు. ఈసారీ అన్ని శాఖలూ రాశాయి.

"ఓక్రెవ్‌కి పూర్తిపేరు ఎవరూ ఇవ్వలేదండీ" అంది జుల్మా.

"ఓక్రెవ్ అంటే?"

"అదే నేనూ అడుగుతున్నా. యంత్రమూ అదే అడుగుతోంది."

"అసలు ఎక్కడుందది?"

"మీ పక్క గదే. రోజూ దాని తలుపు గుబ్బకే గొడుగు తగిలిస్తారు."

గోర్లేరో లేచి వెళ్ళి చూశాడు. నిజమే. తలుపు మీద రోమన్ లిపిలో అయిదు ఇత్తడి అక్షరాలు, O-C-R-E-V, వాటి కింద తన గొడుగు. గొడుగు తీసి తలుపు తోశాడు. లోపల నేల నుంచి పైకప్పు దాకా కాగితాల కట్టలు. కిటికీలో ఎర్ర జెరేనియం మొక్క. పక్కన ఎప్పుడూ మోగని ఒక టెలిఫోను. మధ్యలో ఎబెర్ తెచేరా. పొడుగ్గా, వంగి, వానలో నానిన కొంగలా ఉండే మనిషి. చటుక్కున లేచి నిలబడ్డాడు.

"ఇక్కడేం జరుగుతుంది?" అన్నాడు గోర్లేరో.

"నకళ్ళు వస్తాయండీ."

"వచ్చాక?"

"ఉంటాయండీ."

గోర్లేరో కట్టలకేసి చూశాడు, మొక్కకేసి చూశాడు, జుల్మాకేసి చూశాడు. అప్పుడొక తీర్పు చెప్పాడు. "సోమవారం పుస్తకం అచ్చుకి వెళుతుంది. ఈ అయిదక్షరాలకి పూర్తిపేరు ఉందా, గది ఉంటుంది. లేదా, ఈ గదిలోకి కాపీ యంత్రం వస్తుంది, వీరు సరస్సు ఒడ్డు పంపుగదికి వెళతారు."

ఎబెర్ మొహం జెరేనియం కుండీలోని మట్టిరంగుకి తిరిగింది. దానికి కారణం ఊరందరికీ తెలుసు, ఒక్క డైరెక్టరుకి తప్ప. ఎబెర్‌కి కప్పలంటే భయం. ముంపునీటి మండలిలో పనిచేస్తూ కప్పలంటే భయపడడం పిండిమరలో చేరి తెలుపుని చూసి వణకడం లాంటిదే. వాన పడ్డ మర్నాడు ఇంటి నుంచి ఆఫీసుకి అతను బల్లల మీద, గోడల మీద, ఎదురుపడ్డవాళ్ళ పాదాల మీద కాళ్ళు వేసుకుంటూ వచ్చేవాడు. ఇక సరస్సు ఒడ్డున సాయంత్రమైతే కప్పలు మాట్లాడతాయి. నీళ్ళే గొంతు తెచ్చుకుని పిలిచినట్టుంటుంది. అక్కడ కాపలాదారులు వాటి మీద అరుచుకుంటూ మాట్లాడుకుంటారు.

ఎబెర్ తిన్నగా జుల్మా గదిలోకి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"తల్లీ, నన్ను కప్పల్లో పారేస్తున్నారు."

"ఏడవకు. ఇన్నేళ్ళు ఆ గదిలో కూర్చున్నావు, తలుపు మీదేముందో ఒక్కసారైనా అడగాలనిపించలేదా?"

"నేను లోపల కూర్చుంటా కదా. అక్షరాలు బయటివైపున్నాయి."

జుల్మా బుర్రలో నీళ్ళు పోసి అతని చేతికిచ్చింది. అతను తాగుతుండగా వసారా అంతా తిరిగి విచారించింది. మొదటి అక్షరం వాళ్ళ భాషలో కార్యాలయమని అందరూ ఒప్పుకున్నారు. అక్కడితో ఏకాభిప్రాయం అయిపోయింది. లెక్కల శాఖ అది తనిఖీకి సంబంధించిందనీ, అందుకే దాన్ని కదపడం మంచిది కాదనీ అంది. సామాను గది వాళ్ళు అందులో వరదలు ఉన్నాయన్నారు. ఇంజన్ల శాఖాయన, "దానర్థం తెలిసినవాళ్ళు పోయారు. తెలిసినా చెప్పకూడదు" అని గొంతు తగ్గించాడు. ఆయనకి ఏమీ తెలియనప్పుడల్లా గొంతు తగ్గుతుంది.

"ఇక మిగిలింది ఒక్కరే. దోన్ అపారిసియో" అంది జుల్మా. మండలి తొలిరోజుల్లో ఆఫీసుని నిలబెట్టిన పాత డైరెక్టరు ఆయన. ఏటి పక్కన చిన్న ఇంట్లో ఉంటాడు. స్కూటరు తీసింది. ఎబెర్ వెనకాల ఎక్కి, దారిలో గుంట వచ్చినప్పుడల్లా రెండు కాళ్ళూ భుజాల దాకా ఎత్తేవాడు. స్కూటరు ఊగిపోయేది.

"కాళ్ళు దింపు! పడతాం!"

"నువ్వు పడు, నేను దిగను!"

దోన్ అపారిసియో ద్రాక్షపందిరి కింద ఒక్కడే పేకాడుకుంటున్నాడు. ఆకుల మధ్యనుంచి దిగిన ఎండ ముక్కల మీద ముక్కలు వేస్తోంది. ఆయన తన ముక్కలు ఏవో, ఎండవి ఏవో చూసుకుని ఆడుతున్నాడు.

"ఏవమ్మా జుల్మా, ఈ కప్పల వీరుణ్ణి ఎక్కడ పట్టుకొచ్చావు?"

"ఓక్రెవ్‌కి పూర్తిపేరు కావాలి, దోన్ అపారిసియో."

పెద్దాయన నవ్వడం మొదలెట్టాడు. నవ్వు దగ్గైంది. దగ్గు తగ్గాక ముక్కలు బోర్లించి పెట్టాడు. "అదింకా ఉందా?"

"ఉంది. ఇదిగో, ఇతనే."

"విను మరి. మంత్రి వస్తున్నాడని కబురొచ్చింది. అన్ని తలుపులకీ ఇత్తడి అక్షరాలు కొట్టించా. ఒక్క తలుపు మిగిలింది. బోడి తలుపు కనిపిస్తే ఆ గది పక్క ఆఫీసువాళ్ళు లాక్కుంటారు. ఇనపసామాను కొట్టుకి పరిగెత్తా. అయిదక్షరాలే ఉన్నాయి. తెచ్చి కొట్టేశా."

జుల్మా చేతిలో ఫ్లాస్కు వంగింది. వేణ్ణీళ్ళు చీమల మీద పడ్డాయి. "అంటే... ముందు అక్షరాలు, తరవాత పేరా?"

"తరవాత కూడా పేరు లేదు. మంత్రి చదివి, తల ఊపి, 'ఇలాంటిది ప్రతి జిల్లాలోనూ ఉండాలి' అన్నాడు."

"మరి ఆ వరసలోనే ఎందుకు కొట్టారు?"

"మిగతా వరసలన్నీ బూతుల్లా వినబడ్డాయమ్మా."

ఎబెర్ అంతసేపూ పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడు చిన్నగా అడిగాడు. "మరి నేనో, దొరా?"

"తలుపుకి పేరొచ్చాక లోపల మనిషి లేకపోతే బాగుండదు కదరా. దారినపోతున్నావు, పిలిచాను."

"నన్ను పరీక్ష పెట్టి తీసుకున్నారనుకున్నానే!"

"పెట్టాగా. కూర్చోగలవా అని అడిగాను. గలనన్నావు."

తిరుగు దారిలో ఎబెర్ కాళ్ళెత్తడం కూడా మానేశాడు. గుంటలోని నీళ్ళు అతని బూట్ల మీద పడుతున్నాయి, అతనికి పట్టలేదు. ఆ నిబ్బరం చూసి జుల్మా స్కూటరు నెమ్మది చేసింది. మనిషి ఇంత దిగాలుపడ్డాడంటే లోపల ఏదో విరిగినట్టే.

ఆఫీసులో అతను మళ్ళీ బతిమాలాడు. "ఏదో ఒకటి రాసెయ్ తల్లీ. అయిదు మాటలు. నీకెంతసేపు?"

"లేని పేరు రాయను. నా పదకోశంలో ఇప్పటిదాకా ఒక్క దొంగపేరు లేదు."

"ఇంజన్ల శాఖవాళ్ళ పేర్లన్నీ నిజమా? వాళ్ళు చేసే పని అందులో ఎక్కడైనా ఉందా?"

"పేరు పేరే. పని వాళ్ళ ఖర్మ."

"అయితే నా ఖర్మ కప్పలన్నమాట" అని లేచి వెళ్ళిపోయాడు. పక్క గదిలో మొక్కకి నీళ్ళు పోసిన చప్పుడు. తరవాత మళ్ళీ పోసిన చప్పుడు. పోసిన సంగతి మరిచిపోతున్నాడు.

జుల్మా తెర మీద రెండు పక్షులకేసి చూస్తూ కూర్చుంది. అవీ ఆమెకేసి చూశాయి. ఒక ఆలోచన వచ్చింది: పేరు లేకపోతేనేం, మనిషి ఉన్నాడు కదా. ఇన్నేళ్ళూ నిజంగా ఏం చేశాడో నెమ్మదిగా కూర్చోబెట్టి అడిగితే, ఆ పనిలోంచి ఒక నిజమైన పేరు దొరక్కపోదు. ఇప్పుడు కాదు. ఇప్పుడు వాడు ఏడుస్తున్నాడు. సోమవారం పొద్దున్నే అడగాలి. సరిగ్గా అప్పుడే గోర్లేరో తలుపులోంచి తొంగిచూశాడు.

"ఆ ప్రశ్నార్థకాలు ఇంకా ఉన్నాయా? తీసెయ్యండి, కళ్ళలో పడుతున్నాయి."

"తీసేస్తానండీ."

పూర్తిపేరు రాయాల్సిన ఖాళీలో తన కోసం ఒక గుర్తు రాసుకుంది: 'ఇంకా తెలీదు, ఎబెర్‌ని అడగాలి'. పక్షులు ఎగిరిపోయాయి. తెర తేటపడింది.

సోమవారం వాన పట్టుకుంది. ఆ ఊళ్ళో వాన పడితే పిండి కలపాలి. అది చట్టం కాదు గాని చట్టం కన్నా ఎక్కువగా పాటిస్తారు. మొదటి చినుకు కిటికీని తాకగానే మండలిలో అన్ని శాఖలూ వంటగదిలో తేలాయి. ఒకరు పిండి, ఒకరు కొవ్వు, ఒకరు మధ్యలో బెజ్జం పెట్టిన గుండ్రటి రొట్టెలు. అవి నూనెలో పొంగుతుంటే, వాన రేకుల మీద పొంగుతుంటే, ఏది ఏ చప్పుడో తెలియలేదు. ఎబెర్ కూడా వచ్చాడు. ఎవరి కళ్ళలోకీ చూడకుండా మూలన నిలబడి పంచదార చల్లుతున్నాడు. ఇదే తన ఆఖరి వాన అన్నట్టు చల్లాడు. రొట్టెలు పాకం పట్టినంత తియ్యగా ఉన్నాయి, అయినా అందరూ తిన్నారు.

గోర్లేరో గుమ్మంలోంచి అరిచాడు. "జుల్మా గారూ, అచ్చాఫీసువాళ్ళు ఫోన్లో ఉన్నారు! పుస్తకం తయారేనా?"

జుల్మా మోచేతుల దాకా పిండి. పొద్దున్నే, వాన రాకముందు, పక్షుల కోసం వెతికింది. ఒక్కటీ దొరకలేదు. దొరకదు మరి, తనే తరిమేసింది కదా. ఇన్నేళ్ళ అలవాటు ఆమె చెవిలో 'శుభ్రం' అని చెప్పింది. అడగాల్సిన మనిషి చేతికందే దూరంలో పంచదార చల్లుతున్నాడు. అడగాలన్న సంగతి మాత్రం కలిపిన పిండిలో ఎక్కడో కలిసిపోయింది.

"తయారే! చేతులు జిడ్డుగా ఉన్నాయి, మీరే పంపించెయ్యండి. తెర మీద ఆకుపచ్చ బొత్తాం!"

గోర్లేరో నొక్కాడు.

వారం తిరిగేసరికి పుస్తకాలు అచ్చాఫీసు నుంచి తిన్నగా చిచో లారీ ఎక్కి చిత్తడినేలలన్నీ తిరిగి పంచబడ్డాయి. ఆఫీసుకి చివరి పెట్టె మాత్రం వచ్చింది. జుల్మా ఒక ప్రతి తీసి, అలవాటుగా ముందు వాసన చూసింది. మొదటి అధ్యాయం తిప్పింది. చివరి పంక్తి దగ్గర ఆగింది.

'నకలు ఒకటి ఓక్రెవ్‌కి (ఇంకా తెలీదు, ఎబెర్‌ని అడగాలి).'

రెండో అధ్యాయం చివరా అదే. మూడో అధ్యాయం చివరా అదే. కొత్త అధ్యాయంలో మళ్ళీ పూర్తిగా చెప్పమని యంత్రానికి నేర్పింది తనే. అది చెప్పిన మాట విన్నది. చివర పదకోశంలో అక్షరక్రమంలో, నిజమైన పేర్ల మధ్య, చేతులు కట్టుకుని నిలబడింది: ఓక్రెవ్, ఇంకా తెలీదు, ఎబెర్‌ని అడగాలి. ఆమె పుస్తకం మూసి దాని మీద కూర్చుంది.

గోర్లేరో పుస్తకం ఊపుకుంటూ వచ్చాడు. "ఇది మీరు రాసిందేనా?"

"నేను రాశాను. మీరు నొక్కారు."

"దిద్దుబాటు చీటీ వెయ్యండి! ఈరోజే!"

"వేస్తా. తప్పు ఎడమవైపు, ఒప్పు కుడివైపు వెయ్యాలి. కుడివైపు ఏం వెయ్యమంటారు?"

గోర్లేరో పుస్తకం బల్ల మీద పడేశాడు. "'రద్దయింది' అని వెయ్యండి. తెచేరా గారు శుక్రవారం సరస్సుకి బయలుదేరతారు."

జుల్మా ఆ ఒక్క మాట కూర్చడానికి కూర్చుంది. ఇంత చిన్న పని ఆమె ఎప్పుడూ చెయ్యలేదు, ఇంత నిదానంగా ఏ పనీ చెయ్యలేదు. అక్షరాల మధ్య ఖాళీ సరిచూసింది. మళ్ళీ చూసింది. చీటీకి అంచు పెట్టాలా వద్దా అని ఆలోచించింది. అప్పుడు పక్క గదిలోంచి ఒక చప్పుడు వచ్చింది. ఎవరికీ అదేమిటో అర్థం కాలేదు. ఎబెర్ తలుపు తీసి బయటికి తల పెట్టాడు.

"తల్లీ, ఇది మోగుతోంది. ఏం చెయ్యాలి?"

"ఎత్తరా మహానుభావా!"

ఎత్తాడు. అవతల దక్షిణపు తూము కాపలాదారు. "ఎబెరేనా? నిన్నడగమని పుస్తకంలో ఉంది."

"ఏం అడగమని?"

"అది రాయలేదు. నాకు తోచింది అడుగుతున్నా. మా తూము తలుపు మీద ఒక కాపిబారా కూర్చుంది. తలుపు దిగడం లేదు."

పందంత ఉండే నీటెలుక అది, కూర్చుందంటే కూర్చున్నట్టే. ఎబెర్ బాగా ఆలోచించాడు. కూర్చోవడం గురించి అతనికి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? "ఎలా కూర్చుంది? చిరాగ్గానా, నిమ్మళంగానా?"

"నిమ్మళంగానే."

"అయితే దాని జోలికెళ్ళకు. భోంచేసి ఓ కునుకు తీసి చూడు."

కాపలాదారు కునుకు తీసి లేచేసరికి అది లేదు. ఈ సంగతి అతను పక్క పంపువాడికి చెప్పాడు, పక్క పంపువాడు తన పక్కవాడికి చెప్పాడు. మర్నాటికి ఫోను దించడానికి లేకుండా పోయింది. పంపు మూలుగుతోందని ఒకడు. "నాకూ వినిపించు" అని ఎబెర్ విని, "ఆపి, మాతే తాగి, మళ్ళీ వెయ్యి" అన్నాడు. పంపు మూలగడం మానేసింది. పంపే అలిసిందో, వేసేవాడే అలిసున్నాడో ఎవరూ తేల్చలేదు. ఇంకొకడు పెళ్ళాం అలిగి పుట్టింటికి పోయిందన్నాడు. "ఆవిడ చెప్పింది నిజమేనా?" అని ఎబెర్ అడిగాడు. "వెళ్ళి తీసుకొస్తా" అని అవతలివాడు పెట్టేశాడు. సరస్సు ఒడ్డు నుంచి ఫోను వచ్చినప్పుడు మాత్రం వెనకాల కప్పల గోల వినిపించి ఎబెర్ కుర్చీ మీదికెక్కేవాడు. రిసీవరుని తోక పట్టుకున్న పాములా చెయ్యిచాచి దూరంగా పెట్టుకుని, అక్కడినుంచే అరిచి సలహా చెప్పేవాడు.

అతని సలహాల్లో గొప్ప విషయమేమీ లేదు. సగం తప్పులు కూడా. ఒక తూము అతని మాట విని రెండు రోజులు తలకిందులుగా పనిచేసింది. అయినా ఆ నీళ్ళ మధ్య ఒంటరిగా కూర్చున్న మనుషులకి ఫోనెత్తే మనిషి దొరికాడు. అదివరకు వాళ్ళ గోడు అంతా ఫిర్యాదులై డైరెక్టరు బల్ల మీద పడేది. ఆ బల్ల ఇప్పుడు ఎండాకాలపు చెరువు అడుగులా ఖాళీగా, తెల్లగా కనిపించింది. గోర్లేరో ఉద్యోగంలో చేరాక మొదటిసారి మధ్యాహ్నం నిద్రపోయాడు. లేచి, గొడుగు తగిలించే గుబ్బ దగ్గర తచ్చాడి, తలుపు కొట్టాడు.

"తెచేరా గారూ. ఒక చిన్న విషయం. నా బూట్లలోకి నీళ్ళు దిగుతున్నాయి. ఏం చెయ్యాలంటారు?"

"వచ్చి ఎన్నాళ్ళైందండీ?"

"ఆర్నెల్లు."

"ఆర్నెల్లూ అవే బూట్లా?"

గోర్లేరో బూట్లకేసి చూసుకున్నాడు. సాయంత్రం అతను మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లతో వసారాలో చప్పుడు చేసుకుంటూ వెళుతుంటే జుల్మా ఎదురొచ్చింది. చేతిలో కూర్చిన చీటీ.

"తయారైందండీ. ఎన్ని వెయ్యమంటారు?"

డైరెక్టరు చీటీ చదివాడు. పక్క గదిలోంచి ఎబెర్ గొంతు వినిపిస్తోంది, ఎవరికో నీళ్ళు తగ్గేదాకా ఓపిక పట్టమని చెబుతోంది. చీటీ మడిచి ఆమె చేతిలోనే పెట్టాడు.

"దీని సంగతి నాకు తెలీదు. ఎబెర్‌నే అడగండి."

ఎబెర్ శుక్రవారం ఎక్కడికీ వెళ్ళలేదు. ఆ తరవాతి ఏ శుక్రవారమూ వెళ్ళలేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ కప్పల్ని ఫోన్లోనే విన్నాడు.

జుల్మాకి మాత్రం ఆ తప్పు లోపల పడి ఉండిపోయింది. అందరూ మెచ్చుకుంటే ఇంకా బాధ. రెండో ముద్రణ వచ్చినప్పుడు ఎబెర్‌ని ఎదురుగా కూర్చోబెట్టి, బుర్ర చేతికిచ్చి, అసలు మొదట అడగాలనుకున్నది అడిగింది. "నువ్వు నిజంగా ఏం చేస్తావు?" అతను చాలాసేపు గొట్టం నోట్లో పెట్టుకుని ఆలోచించాడు. "ఎత్తుతాను. వింటాను. పెట్టేస్తాను" అన్నాడు. ఆమె ఆ మూడు ముక్కల్నీ అటు తిప్పింది, ఇటు తిప్పింది. అయిదక్షరాల్లో ఏ ఒక్కటీ వాటికి అతకలేదు. చివరికి ఒకే ఒక్క మార్పు చేసింది. 'ఇంకా తెలీదు' కొట్టేసింది.

ఇప్పుడామెకీ విశ్రాంతే. ఏటి వైపు పెరట్లో కూర్చుంటుంది, పాత పుస్తకం ఒకటి ఒళ్ళో, చిచో కట్టిన ఉయ్యాలమంచం పక్కన. ఎబెర్ కూతురి దగ్గర ఉంటున్నాడు, ఎత్తైన ఊళ్ళో, నాలుగో అంతస్తులో. ఆమె చెప్పగా ఈ సంగతులన్నీ రాసుకున్న మనిషి లేవబోతూ, ఇప్పుడు ఓక్రెవ్‌లో ఎవరున్నారని అడిగితే, జుల్మా బుర్ర అడుగుదాకా పీల్చి చెప్పింది:

"ఎవరో అమ్మాయి. బాగా మాట్లాడుతుంది. ఫోను మోగగానే ఎత్తి, 'ఎబెర్‌ని మాట్లాడుతున్నా, చెప్పండి' అంటుంది. ఆ పిల్ల అసలు పేరు నన్నడక్కు నాయనా. నా పుస్తకంలో లేదు."